నల్లకంచు మనిషి

1847లో ఒక రోజు పారిస్‌లోని ఫ్రాంస్వా రూద్ స్టూడియోలోకి ఒక నల్లని మనిషి వచ్చాడు. రూద్ అప్పటికే దేశమంతా ఎరిగిన శిల్పి. పారిస్ విజయతోరణం మీద నోరు తెరిచి, రెక్కలు చాచి జనాన్ని యుద్ధానికి పిలిచే స్త్రీమూర్తి ఆయన చెక్కిందే. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లలో షార్ల్ కార్దియే ఒకడు. ఉత్తరాన కాంబ్రే నుంచి వచ్చినవాడు, ఇరవయ్యేళ్లవాడు. లోపలికి వచ్చిన మనిషి పేరు సెయిద్ ఎంకెస్. ఒకప్పుడు బానిస. ఆ చెర నుంచి బయటపడి, పారిస్‌లో బొమ్మలు వేసేవాళ్లకూ చెక్కేవాళ్లకూ మోడల్‌గా నిలబడి పొట్టపోసుకుంటున్నాడు.

ఆ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి. దాంతో పనుంది.

కార్దియే ఆ మొహాన్ని వదల్లేకపోయాడు. పదిహేను రోజుల్లో మట్టిలో బొమ్మ పూర్తి చేశానని తర్వాత జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. తోటి విద్యార్థిని సాయం పట్టి, దాన్ని తన గదికి మోసుకుపోయి మంచం పక్కనే పెట్టుకున్నాడట. ఇరవయ్యేళ్ల కుర్రాడికి తన చేతిలోంచి ఏదో గొప్పది వచ్చిందని తెలిస్తే నిద్ర ఎక్కడ పడుతుంది? ఛాతీ దాకా ఉన్న ఆ విగ్రహంలో ఎంకెస్ ఎవరినీ బతిమాలడు, ఎవరికీ భయపడడు. చేతులకు సంకెళ్లు లేవు, మోకాళ్ల మీద కూర్చోలేదు. అంతకుముందు యూరప్ శిల్పంలో నల్లని మనిషి కనబడితే ఎక్కువగా దీపం పట్టుకునో, పళ్లెం మోస్తూనో, దొర పాదాల దగ్గరో కనబడేవాడు. ఇక్కడ మనిషి ఒక్కడే ఉన్నాడు. ముక్కుపుటాలు, పెదవులు, చెంప ఎముకలు ఎలా ఉన్నాయో అలాగే దిగాయి. వాటిని గ్రీకు దేవుళ్ల మొహాలకు దగ్గరగా లాగాలనే ప్రయత్నం లేదు.

మట్టి నుంచి ప్లాస్టర్, ప్లాస్టర్ నుంచి కంచు. కంచులోకి వచ్చాక ఆ మొహానికి అసలు జీవం వచ్చింది. ఎందుకో తెలియాలంటే ఆ కాలంలో శిల్పానికీ రంగుకూ ఉన్న పేచీ తెలియాలి.

యూరప్‌లో చదువుకున్నవాళ్లు తరతరాలుగా ఒక మాట నమ్మారు: శిల్పమంటే తెలుపు. గ్రీసు, రోము నేలల్లోంచి బయటపడ్డ పాలరాతి విగ్రహాలు తెల్లగా ఉన్నాయి కాబట్టి ప్రాచీనులు తెల్లగానే చెక్కారనుకున్నారు. జర్మనీ పండితుడు వింకెల్మాన్ 1764లో ప్రాచీన కళ చరిత్ర రాస్తూ, అందమైన దేహం ఎంత తెల్లగా ఉంటే అంత అందంగా ఉంటుందని తేల్చేశాడు. ఆయన మాట శిల్పానికి సూత్రమైంది. శిల్పం దాకానే ఆగలేదు కూడా. రాతి గురించి చెప్పిన మాట ఒంటి రంగు గురించి చెప్పినట్టుగా తిరగడానికి ఎంతో కాలం పట్టలేదు. తెలుపు అందం, తెలుపు శుద్ధం, తెలుపు నాగరికత. ఈ మూడూ కలిసి నడిచాయి.

ఆ నమ్మకానికి మొదటి దెబ్బ పండితుల వైపు నుంచే తగిలింది. 1815 ప్రాంతంలో కత్రమేర్ ద కాన్సీ అనే ఫ్రెంచి పండితుడు ఒలింపియాలోని జ్యూస్ విగ్రహం మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఫిడియాస్ చేసిన ఆ విగ్రహం బంగారం, దంతం కలిపి చేసినదనీ, ప్రాచీన శిల్పం రంగులతో నిండి ఉండేదనీ వాదించాడు. తర్వాత ఇత్తోర్ఫ్ అనే వాస్తుశిల్పి సిసిలీలోని గ్రీకు ఆలయాల శిథిలాల్లో రంగుల ఆనవాళ్లు పరిశీలించి వచ్చి, గుళ్లకు గుళ్లే రంగులు పూసుకుని ఉండేవని చెప్పాడు. మట్టిలో శతాబ్దాలు పడి ఉంటే రంగు రాలిపోయింది, రాయి మిగిలింది. రాలిపోయిన రంగును మరిచి, మిగిలిన రాయికి యూరప్ మొక్కింది.

పారిస్‌లో పెద్ద గొడవ నడిచింది. రంగు వేస్తే శిల్పం తిరునాళ్లలో అమ్మే మైనపు బొమ్మ అయిపోతుందని విమర్శకుల భయం. శిల్పం ఆకారంతో మాట్లాడాలి, రంగు కళ్లను మోసం చేస్తుంది, అది చౌకబారు పని అన్నారు. 1855 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో సిమార్ అనే శిల్పి దంతం, వెండి, బంగారం కలిపి గ్రీకు దేవత అథీనాను మళ్లీ నిలబెట్టాడు. ఒక ప్రభువు లెక్కలేనంత డబ్బు పోసి చేయించిన పని అది. పండితులు ఔననుకున్నారు గానీ, చూసినవాళ్లకు మనసు నిండలేదు. పుస్తకంలో ఉన్నది పుస్తకంలో ఉన్నట్టే దిగింది. అందులో మనిషి లేడు.

కార్దియే దగ్గర మనిషి ఉన్నాడు. కంచు మీద ఆమ్లాలతో, వేడితో ముదురు రంగు పట్టించే విద్య పోత పనివాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. అప్పటిదాకా అది సీజర్లకూ నెపోలియన్లకూ పాతకాలపు గాంభీర్యం తెచ్చిపెట్టడానికి పనికొచ్చేది. కార్దియే అదే ముదురు రంగును నల్లని మనిషి ఒంటి రంగుగా చూపించాడు. పాలరాయి తెల్లవాడి చర్మం అయినప్పుడు కంచు నల్లవాడి చర్మం ఎందుకు కాకూడదు? మెరుగుపెట్టిన చోట చెంప మీద వెలుగు నిలిచింది, పెట్టని చోట నీడ చిక్కబడింది. పైన రంగేమీ పూయలేదు. లోహానికున్న రంగే చర్మమైంది. రంగుకు ఎదురు నిలిచిన విమర్శకులకు కూడా దీన్ని తప్పుపట్టడం సులువు కాదు. ఇది నకిలీ రంగు కాదు కదా.

1848 వచ్చింది. ఫిబ్రవరిలో విప్లవం, రాజు పారిపోయాడు, రిపబ్లిక్ ఏర్పడింది. ప్రభుత్వం ఏటా నిర్వహించే కళా ప్రదర్శనను సలోన్ అంటారు. ఆ ఏడు విప్లవోత్సాహంలో ఎంపిక సంఘాన్నే రద్దు చేసి, పంపినవాళ్లందరి పనులూ పెట్టారు. అయిదు వేలకు పైగా పనులు గోడలకూ నేలకూ ఎక్కాయి. అంత రద్దీలో ఇరవయ్యొక్కేళ్లు కూడా నిండని కార్దియే ప్లాస్టర్ బొమ్మ ఒకటి నిలబడింది. ఆ వసంతంలోనే, ఏప్రిల్ 27న, ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ శాసనం వెలువడింది. సుమారు రెండున్నర లక్షల మంది మనుషులు చట్టం దృష్టిలో మనుషులయ్యారు. నష్టపరిహారం కూడా ఇచ్చారు. అది బానిసలకు కాదు, వాళ్ల యజమానులకు.

ఒకప్పటి బానిస మొహం జాతీయ ప్రదర్శనలో తలెత్తుకుని నిలబడటం, అదే నెలల్లో బానిసత్వం పోవడం. కార్దియే తన జీవితాంతం దీన్ని గర్వంగా తలుచుకున్నాడు. బానిసత్వం మీద తిరుగుబాటునూ, మానవశాస్త్రం పుట్టుకనూ తన కళలోకి తెచ్చానని చెప్పుకున్నాడు. ఆ రెండింటినీ ఒక్క ఊపిరిలో చెప్పడం అతనికి వింతగా అనిపించలేదు. నాకు మాత్రం ఆ జంట దగ్గరే కథ అడ్డం తిరిగినట్టు కనిపిస్తుంది.

ప్రదర్శన పుస్తకంలో ఆ బొమ్మకు ఏ పేరు అచ్చయిందో చూడండి: దార్ఫూర్ రాజ్యం, మాయక్ తెగకు చెందిన సయీద్ అబ్దల్లా. సెయిద్ ఎంకెస్ ఆ వాక్యంలో లేడు. పారిస్‌లో అద్దె కట్టుకుని, స్టూడియో నుంచి స్టూడియోకు తిరిగి బతికే మనిషి పోయి, దూరాన ఎక్కడో ఎడారి రాజ్యపు తెగవాడు వచ్చాడు. సరే, అప్పటికి అది కూడా ఒక పేరే. దార్ఫూర్ ఇప్పటి సూడాన్ పడమటి భాగంలో ఉన్న నిజమైన చోటే.

తర్వాత అదే బొమ్మ టింబక్టూ నీగ్రో అన్న పేరుతో తిరగడం మొదలుపెట్టింది. మొహం అదే, ముదురు కంచు అదే, చూపు అదే. దార్ఫూర్ నుంచి టింబక్టూకు ఎంత లేదన్నా 3,000 కిలోమీటర్లు. మధ్యలో సహారా అంచు పొడుగునా ఎన్నో రాజ్యాలు, ఎన్నో భాషలు. ఒక మనిషిని అంత దూరం ఎత్తి పడేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. చూసేవాళ్లలో ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే వాళ్లకు రెండూ ఒకటే.

1851లో కార్దియే దానికి జోడీగా ఒక ఆఫ్రికా స్త్రీ బొమ్మ చేశాడు. మొదట ఆఫ్రికా తీరపు నీగ్రో స్త్రీ అన్నారు. తర్వాత ఆఫ్రికా వీనస్ అన్న పేరు స్థిరపడింది. వీనస్ అంటే వింకెల్మాన్ వారసుల దృష్టిలో తెలుపుకే తెలుపు. ఆ పేరును నల్లకంచుకు ఇవ్వడం చిన్న సాహసం కాదు. అదే ఏడు లండన్‌లో స్ఫటిక భవనంలో జరిగిన మహా ప్రదర్శనకు ఈ జంట వెళ్లింది. విక్టోరియా రాణి చూసి ముచ్చటపడి కొనుక్కుంది. పాతికేళ్లు కూడా నిండని శిల్పికి ఇంగ్లండు రాణి గిరాకీ. ఇంకేం కావాలి?

ఇంకా కావాలి. కార్దియేకు రంగు పిచ్చి పట్టుకుంది. కంచు ఒంటి రంగు ఇచ్చింది, సరే. మరి బట్ట? తలపాగా? చెవిపోగులు? ఒళ్లంతా ఒకే రంగులో ఉంటే సగమే చెప్పినట్టు అనిపించింది.

జవాబు ఆల్జీరియాలో దొరికింది. 1830లో ఫ్రాన్సు ఆ దేశం మీద పడి ఆక్రమించుకోవడం మొదలుపెట్టింది. ఒరాన్ ప్రాంతంలో రోమన్లు ఎప్పుడో తవ్వి వదిలేసిన రాతి క్వారీలు శతాబ్దం నడుమ మళ్లీ బయటపడ్డాయి. ఆ రాయిని ఓనిక్స్ మార్బుల్ అంటారు. ఊటనీళ్లలోని సున్నం పొర మీద పొరగా పేరుకుని, వేల ఏళ్లకు గట్టిపడి తయారయ్యే రాయి అది. ఒక పొర పాలమీగడ రంగు, దాని పక్కది తేనె రంగు, ఆ పక్కన ఇనుము కలిసి ఎర్రగా ఇటుక చాయ. పల్చగా కోసి వెలుగుకు అడ్డం పెడితే లోపల దీపం ఉన్నట్టు మెరుస్తుంది. మెత్తని రాయే, ఉలి సులువుగా దిగుతుంది. కానీ పొరల వాలు చూసుకోకుండా కొడితే పొర వెంట చీలిపోతుంది.

1856లో ప్రభుత్వం కార్దియేను ఆల్జీరియాకు పంపింది. అక్కడి జాతుల రూపురేఖలను శిల్పంలో నమోదు చేసుకుని రావాలి. ఆల్జియర్స్‌లో పండుగ సంబరాల్లో డప్పు వాయిస్తూ ఒక సూడాన్ మనిషి అతని కంటపడ్డాడు. కార్దియే అతన్ని కూర్చోబెట్టి మొహం దించుకున్నాడు.

ఆ బొమ్మ ఇవాళ పారిస్‌లోని ఒర్సే మ్యూజియంలో ఉంది. ఫొటోలో చూస్తే తెలిసేది తక్కువ. దగ్గరగా చూడాల్సిన పని. మొహం ముదురు కంచు. దాని మీద అక్కడక్కడ వెండి చాయ. మెడ దగ్గర కంచు ఆగి రాయి మొదలవుతుంది. ఎక్కడ ఆగిందో కంటికి వెంటనే దొరకదు, ఎందుకంటే మెడ చుట్టూ బట్ట అంచు పడేలా రాతిని తొలిచి, ఆ గుంటలో కంచు తలను దించారు. భుజాల మీది వస్త్రం మొత్తం ఓనిక్స్. రాతిలోని చారలు బట్ట మడతల మీదుగా సాగుతాయి. మడత లోపలికి పోయిన చోట చార కూడా వంగినట్టుంటుంది. ప్రకృతి వేల ఏళ్ల కింద గీసిన చారను నిన్న నేసిన బట్ట మీది జరీలా చూపించడానికి, రాతి దిమ్మను ఏ వైపు నుంచి కోయాలో ముందే కనిపెట్టి ఉండాలి. ఒక్క కోత తప్పితే చార అడ్డంగా పోతుంది, బట్ట కాస్తా మళ్లీ రాయి అయిపోతుంది. కింద పీఠం పోర్ఫిరీ. తూర్పు ఫ్రాన్సులోని వోజ్ కొండల్లో దొరికే గట్టి రాయి.

మైనపు బొమ్మ అవుతుందని భయపడ్డవాళ్లకు ఇదే జవాబు. ఇక్కడ ఏ రంగూ అబద్ధం కాదు. బట్ట తెల్లగా ఉందంటే ఆ రాయి తెల్లగా పుట్టింది. మొహం నల్లగా ఉందంటే ఆ లోహం అలా ముదిరింది. పాలరాయికి పైపూత వేసే దారి వేరు. మూడు దశాబ్దాలు దాటాక జెరోమ్ అనే కళాకారుడు ఆ దారిలో వెళ్లి, తన తనాగ్రా విగ్రహపు పాలరాతి ఒంటికి మనిషి చర్మపు రంగు వేశాడు. ఆ పూత చాలావరకు వెలిసిపోయింది. చిత్రకారుడు దెగా 1881లో మైనంతో చేసిన పద్నాలుగేళ్ల నాట్యకత్తెకు నిజమైన బట్టలు తొడిగి, తలకు జుట్టు పెట్టి, రిబ్బను కట్టి అద్దాల పెట్టెలో నిలబెడితే, కొందరు విమర్శకులు కోతి అన్నారు, వైద్య ప్రదర్శనశాలలో పెట్టాల్సిన నమూనా అన్నారు. ఆయన బతికి ఉండగా దాన్ని మళ్లీ జనం ముందు పెట్టలేదు. వాళ్లిద్దరికంటే ముందే, పైపూత లేని పద్ధతిలో రంగును ఫ్రెంచి శిల్పంలోకి తెచ్చినవాడు కార్దియే. రాళ్లనూ లోహాలనూ వాటి వాటి రంగులతో పక్కపక్కన కూర్చిన మనిషి. ఈ విషయంలో అతనికి రావాల్సినంత పేరు రాలేదనే నా అభిప్రాయం.

అతని మనసు కూడా చిన్నది కాదు. 1862లో పారిస్ మానవశాస్త్ర సంఘం ముందు మాట్లాడుతూ, అందం ఏదో ఒక్క జాతికి దక్కిన సొత్తు కాదన్నాడు. ప్రతి జాతికీ తనదైన అందం ఉంటుందనీ, అందమైన నల్లవాడంటే మన పోలికలకు దగ్గరగా ఉన్నవాడు కాదనీ చెప్పాడు. ఆ సంఘాన్ని స్థాపించిన బ్రోకా, ఆయన సహచరులు పుర్రెలు కొలిచి జాతులకు మెట్లు కట్టే రోజులవి. ఆ గదిలో నిలబడి ఆ మాట అనడానికి గుండె కావాలి.

అదే ఉపన్యాసంలో తన పద్ధతి కూడా వివరించాడు. ఒక జాతివాళ్లను వీలైనంత మందిని పోల్చి చూస్తాడు. తల ఆకారం, మొహం గీతలు, కవళికలు పరిశీలిస్తాడు. అందరిలోనూ ఉన్నదాన్ని ఏరి, ఆ జాతి మొత్తానికీ నిలబడే ఒక్క రూపాన్ని తయారుచేస్తాడు. 1860లో తన బొమ్మలన్నీ ఒకచోట చేర్చి ప్రదర్శన పెట్టినప్పుడు, దాన్ని జాతుల చరిత్రకు ఉపకరించే మానవశాస్త్ర ప్రదర్శనశాల అన్నాడు. 1861లో చేసిన ఒక అద్భుతమైన ఓనిక్స్, కంచు బొమ్మకు వలసల కాప్రెస్ అని పేరు పెట్టాడు. కాప్రెస్ ఆమె పేరు కాదు. తల్లిదండ్రుల్లో ఎవరిలో ఎంత నల్ల రక్తం ఉందో లెక్కగట్టి, తోటల యజమానులు తమ లెక్కపుస్తకాల్లో మనుషులకు తగిలించిన తరగతి అది.

ఇప్పుడు వెనకటి సంగతి ఒకటి చెప్పాలి. ఎంకెస్ మొహాన్నీ, ఆఫ్రికా వీనస్‌నూ విక్టోరియా రాణి కొన్నదని చెప్పాను. ఫ్రెంచి ప్రభుత్వం కూడా 1851లో ఆ రెండింటి కంచు పోతలను చేయించుకుంది. బతికున్న కళాకారుల మంచి పనులు కొంటే ప్రభుత్వం పారిస్‌లోని లక్సెంబర్గ్ మ్యూజియంలో పెట్టేది. అక్కడ చోటు దొరికితే శిల్పికి అంతకు మించిన గౌరవం లేదు. ఈ రెండు బొమ్మలూ అక్కడికి వెళ్లలేదు. జార్దాన్ దే ప్లాంత్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియానికి వెళ్లాయి. మొక్కలు, జంతువులు, ఎముకలు, పుర్రెలు ఉండే చోటు. మానవశాస్త్ర విభాగంలో జాతుల నమూనాలుగా నిలబెట్టారు. సారా బార్ట్‌మన్ అనే దక్షిణాఫ్రికా స్త్రీని బతికుండగా లండన్‌లో, పారిస్‌లో సంతల్లో చూపించి డబ్బు చేసుకున్నారు. 1815 చివర్లో ఆమె చనిపోతే, శవాన్ని కోసి, అస్థిపంజరాన్నీ ఒంటి అచ్చునూ దాచుకున్నది ఈ సంస్థే. తన దేశపు మట్టికి ఆమె 2002లో గానీ చేరలేదు. బానిసత్వం రద్దయిన ఏడాది సలోన్‌లో తలెత్తుకుని నిలబడ్డ ఎంకెస్, మూడేళ్లు తిరిగేసరికి ఆ మ్యూజియంలో నమూనా అయ్యాడు. కార్దియే అభ్యంతరపెట్టలేదు. పైగా ఆ మ్యూజియానికే శిల్పిగా ఏళ్ల తరబడి పనిచేశాడు. అది అతనికి నిజంగా గౌరవమే అనిపించి ఉండాలి.

కాలం మారింది. కార్దియే 1905లో ఆల్జియర్స్‌లో కన్నుమూశాడు. తర్వాతి తరం రంగురాళ్ల బొమ్మలను గది అలంకారాలుగా చూసి పక్కన పడేసింది. మళ్లీ వాటి విలువ గుర్తించి ప్రదర్శనలు పెట్టడం ఈ మధ్య కాలపు మాట.

2019లో ఒర్సే మ్యూజియం ఒక పెద్ద ప్రదర్శన పెట్టింది. జెరికో, మానే వంటి చిత్రకారుల కాలం నుంచి ఫ్రెంచి కళలో కనిపించే నల్లని మోడళ్లు ఎవరు, వాళ్ల పేర్లేమిటి, ఎక్కడ బతికారు అన్నదే దాని ప్రశ్న. పాత రికార్డులు తవ్వి, పేర్లు తిరిగి తెచ్చారు. 1800లో బెనుయా అనే చిత్రకారిణి వేసిన పటం అప్పటిదాకా ఒక నీగ్రో స్త్రీ చిత్రం. ఇప్పుడది మదలెన్ చిత్రం. జెరికో వేసిన ఓడ మునిగినవాళ్ల తెప్ప చిత్రంలో, అందరికంటే పైన నిలబడి దూరపు ఓడకు గుడ్డ ఊపే మనిషికి మోడల్‌గా నిలిచినవాడు హైతీ నుంచి వచ్చిన జోసెఫ్. మానే వేసిన ఒలింపియా అనే చిత్రంలో పూలగుత్తి పట్టుకున్న దాసికి మోడల్ లోర్. ఆమె ఏ వీధిలో ఉండేదో కూడా మానే నోటుపుస్తకంలో ఉంది. ఎంకెస్‌ను కూడా కార్దియే గురించి రాసేవాళ్లు ఇప్పుడు అతని పేరుతోనే రాస్తున్నారు. టింబక్టూ నుంచీ దార్ఫూర్ నుంచీ అతను పారిస్‌కు తిరిగి వచ్చాడు.

ఓనిక్స్ బట్ట కట్టిన ఆ సూడాన్ మనిషి బొమ్మకు కూడా పేరు మారింది. సూడాన్ నీగ్రో అన్న పాత శీర్షిక పోయింది. ఇప్పుడది ఆల్జీరియా దుస్తుల్లో సూడాన్ మనిషి. మారాల్సిందే. నూట అరవై ఏళ్లు ఆలస్యంగానైనా, అవమానకరమైన మాట తీసేసి మనిషి అన్నందుకు నాకు సంతోషమే.

ఆ శీర్షికకు తోడు బొమ్మ దేనితో చేశారో వివరంగా చెబుతారు. కంచు. ఓనిక్స్, ఆల్జీరియాది. పోర్ఫిరీ, వోజ్ కొండలది. కార్దియే కాలం నుంచీ ఎవరో ఒకరు జాగ్రత్తగా రాసిపెట్టుకున్నారు కాబట్టి, ఏ రాయి ఏ నేలలోంచి వచ్చిందో ఈ రోజుకీ తెలుసు.

డప్పు వాయించిన ఆ మనిషి పేరు ఎవరూ రాసుకోలేదు.